పృథ్వీకి సరిజోడు కాదు

ఢిల్లీలోని సాకేత్‌లో ఒక ఆఫీసు గాజు తలుపు ముందు సుభద్ర నిలబడి ఉండగా పోయిన వారం మనం ఆమెను వదిలి వచ్చాం. కథను ఇప్పుడే అందుకుంటున్న వారి కోసం నాలుగు మాటలు. సుభద్ర ఢిల్లీ నుంచి రేడియోలో తెలుగు వార్తలు చదువుతుంది. యాభైకి దగ్గర పడుతున్న ఆ మనిషికి హెవీవెయిట్ బాక్సింగ్ అంటే ప్రాణం. విశాఖపట్నంలో నావికాదళంలో పనిచేసిన తండ్రి నుంచి అంటుకున్న పిచ్చి అది. ఎవరితో ఎవరికి పోటీ పెట్టాలి, ఎవరికి పెట్టకూడదు అంటూ ఇంటర్నెట్‌లో ఆమె రాసే అభిప్రాయాలు చదివి దేశదేశాల అభిమానులు పోట్లాడుకుంటారు. ఆమె చెల్లెలు ఉమ కొడుకు పృథ్వీరాజ్ సివిల్స్ చదవడానికని ఢిల్లీ ముఖర్జీ నగర్ వచ్చి, రెండుసార్లు తప్పి, పుస్తకాలు పక్కన పెట్టేసి, తల్లికి చెప్పకుండా గుర్గావ్‌లో బాక్సింగ్‌లోకి దిగాడు. వచ్చే శనివారం అక్కడే అతని పెద్ద పోటీ. ఎదుటివాడు కజకిస్తాన్ నుంచి వచ్చిన రుస్లాన్. ప్రొఫెషనల్‌గా అతనికిదే మొదటి పోటీ అని ప్రకటనలు చెబుతున్నాయి. ఆ మాట నిజమే. కానీ అంతకుముందు పదేళ్లకు పైగా అమెచ్యూర్ రింగుల్లో అతను ఆసియా అంతా తిరిగి మనుషుల్ని పడగొట్టాడని సుభద్ర కనిపెట్టి, ఆ పోటీల వీడియో ఒకటి పృథ్వీకి పంపింది. అందుకే ఈ పోటీని ఏర్పాటు చేసిన సాయిప్రకాష్ ఆఫీసుకు వచ్చింది.

తలుపు తోసుకుని ఆమె లోపలికి వెళ్లగానే సాయిప్రకాష్ లేచి నిలబడ్డాడు. విజయవాడ మనిషి. కంపెనీల అవార్డు ఫంక్షన్లూ, సినిమా తారల నైట్లూ చేసి ఢిల్లీలో పేరు తెచ్చుకున్నాడు. బాక్సింగ్‌లో చెయ్యి పెట్టడం ఇదే మొదలు.

"రండి సుభద్ర గారూ, కూర్చోండి. పొద్దున వార్తల్లో విన్న గొంతు ఇలా ఎదురుగా వినడం గమ్మత్తుగా ఉంది. టీ చెప్పనా?"

"టీ వద్దండీ. ఒక్క మాట చెప్పి వెళ్తాను. పృథ్వీకీ రుస్లాన్‌కీ పోటీ పెట్టకండి."

ఆయన కుర్చీలో కూర్చుని అరచేతులు రెండూ బల్ల మీద ఆనించాడు. కోపం రాలేదు. ఈ మాట ఎవరో ఒకరు అంటారని ముందే అనుకున్నట్టున్నాడు.

"నా బాధ కూడా వినండి. ఈ పక్కనే భివానీ నుంచీ రోహ్‌తక్ నుంచీ బంగారం లాంటి కుర్రాళ్లున్నారు. యాభై, అరవై కిలోల వాళ్లు. బీజింగ్ ఒలింపిక్స్‌లో పతకం వచ్చాక వాళ్లంటే జనానికి మోజు కూడా. కానీ టీవీ వాళ్లేమంటారు? హెవీవెయిట్ పోటీ ఉంటేనే కెమెరాలు తెస్తాం అంటారు. ఢిల్లీ అంతా వెతికితే ఆ బరువులో రింగులో నిలబడగలిగినవాడు ఒక్కడే దొరికాడు, మీవాడు. వాడికి ఎదురు నిలబెట్టడానికి దేశంలో ఎవరూ లేరు. బయట నుంచి తెచ్చాను. అంతేనండీ."

"తెచ్చిన మనిషి ఎవరో మీకు తెలుసా?"

"తెలుసు. తర్వాత తెలిసింది."

"తెలిశాక కూడా..." సుభద్ర ఆగి, గొంతు తగ్గించింది. "చూడండి, కింది బరువుల్లో ఒక కిలో తేడా వస్తేనే ఒప్పుకోరు. హెవీవెయిట్‌లో కింద గీత ఉంది గాని పైన లేదు. వంద కిలోల వాడికి నూట ఇరవై కిలోల వాణ్ణి పెట్టొచ్చు. కాబట్టి అక్కడ మనిషిని కాపాడేది రూలు కాదు, జోడీ కుదిర్చేవాడి బుద్ధి. అలీ ఆఖరి రోజుల్లో లారీ హోమ్స్‌తో ఆడిన పోటీ సంగతి విన్నారా?"

"పేరు విన్నాను."

"అప్పటికి అలీకి ముప్పై ఎనిమిదేళ్లు. హోమ్స్ ఒకప్పుడు ఆయన దగ్గరే ప్రాక్టీసు చేసినవాడు. ఏమవుతుందో తెలిసినవాళ్లకి ముందే తెలుసు. అయినా జనం విరగబడి వచ్చారు. కొట్టి కొట్టి హోమ్సే రిఫరీ వైపు చూశాడట, ఇక ఆపమని. గెలిచినవాడే ఏడ్చాడంటారు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మా నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, ఇందులో కొట్టినవాడి తప్పేమీ లేదు, కుదిర్చినవాణ్ణి అనాలి అన్నారు."

సాయిప్రకాష్ మొహం ఎర్రబడింది. "నన్ను మరీ అంత పాపాత్ముణ్ణి చెయ్యకండి. నేనెవర్నీ బలవంతపెట్టలేదు. మొన్న ప్రాక్టీసులో అలా పడిపోయాక కూడా పిలిచి అడిగాను, బాబూ చెయ్యగలవా అని. చేస్తానన్నది అతనే."

చేతిసంచీ అందుకోబోతున్న సుభద్ర చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఎప్పుడు పడిపోయాడు?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తను ఏమన్నాడో అప్పుడు అర్థమైంది. "మీకు చెప్పలేదా?"

"మీరు చెప్పండి."

చెప్పక తప్పలేదు. కిందటి వారం ప్రాక్టీసులో, కుస్తీలోంచి బాక్సింగ్‌కి వచ్చిన ఒక భారీ మనిషి కొట్టిన దెబ్బ పృథ్వీ చెవి వెనక తగిలింది. కట్టె విరిగినట్టు పడ్డాడు. కాసేపు కదలలేదు. లేచి కూర్చున్నాక ఇది ఏ ఊరని కోచ్‌ను అడిగాడు. డాక్టరుకు చూపిద్దామంటే వద్దన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.

సుభద్ర అంతా విన్నది. వార్తలు చదివేటప్పుడు ఎంత నిదానంగా ఉంటుందో అంత నిదానంగా అడిగింది. "ఏ ఊళ్లో ఉన్నాడో తెలియని వాణ్ణి శనివారం రింగులోకి పంపుతారా?"

"అతను తప్పుకుంటే నేను అడ్డుపడను. ఆ మాట ఇస్తాను. కానీ నా నోటితో నేను ఆపలేనండీ. టీవీ వాళ్లకి ఏం చెప్పను?"

"మీ నోటితో ఆపకపోతే ఇంకెవరు ఆపాలి?" అని ఆమె లేచింది. జవాబు కోసం చూడలేదు.

కింద కారులో ఇషిత కూర్చుని ఉంది. సుభద్ర కూతురు. కాలేజీలో రెండో ఏడు. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల కావడంతో తెలుగు అంతా అర్థమవుతుంది గాని జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. ఆ రోజు తల్లిని ఎక్కడికి కావాలంటే అక్కడికి తిప్పుతానని తనే వచ్చింది.

"గుర్గావ్ పోనీ."

"పృథ్వీ భయ్యా కో డాంట్‌నే జా రహీ హో?" తిట్టడానికా అని అడిగింది ఇషిత.

"ముందు పోనీ."

మెహ్రౌలీ దాటాక రోడ్డంతా ఆఫీసు క్యాబ్‌లే. నవంబరు ఎండ పలచగా ఉంది. వైజాగ్ నుంచి ఉమ ఫోన్ రెండుసార్లు మోగింది. ఏం చెప్పాలో తేలక సుభద్ర దాన్ని అలాగే మోగనిచ్చింది. చెల్లెలు కొడుకును పంపుతూ, నువ్వున్నావన్న ధైర్యంతోనే పంపుతున్నానే అక్కా అన్న మాట ఆమె చెవిలో తిరుగుతూనే ఉంది.

పృథ్వీ ప్రాక్టీసు చేసే చోటు కొత్త టవర్ల వెనక ఒక పాత గోడౌన్. మధ్యాహ్నం కావడంతో లోపల ఎవరూ లేరు. రింగు అంచున కాళ్లు కిందికి వేలాడేసి అతనొక్కడే కూర్చుని ఉన్నాడు. టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు. అంత పెద్ద మనిషి అలా ముడుచుకుని కూర్చోవడం చూడగానే సుభద్ర దారంతా కూడబెట్టుకున్న తిట్లు సగం మర్చిపోయింది. ఇషిత తలుపు దగ్గరే ఆగింది.

"తలనొప్పి ఎలా ఉందిరా?"

పృథ్వీ ఉలిక్కిపడ్డాడు. "ఏ తలనొప్పి పెద్దమ్మా?"

"లేచి ఏ ఊరని అడిగావట కదా. ఇది గుర్గావ్. నేను మీ పెద్దమ్మని."

"సాయిప్రకాష్ గారు చెప్పీసారా?" నవ్వబోయాడు గాని కుదరలేదు. "నాకేటీ అవలేదు. బాక్సింగన్నాక దెబ్బలు తగలవేటి?"

"టోపీ తియ్యి."

తీశాడు. పైన ట్యూబ్‌లైటు వెలుగు పడగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. సుభద్ర చెయ్యి అడ్డం పెట్టి ఆ వెలుగు అతని మొహం మీద పడకుండా చేసింది.

"వాంతులయ్యాయా?"

"ఒక్కసారే."

"మరి ఎందుకు ఒప్పుకున్నావు? రుస్లాన్ ఎవరో తెలీకా?"

"తెలిసే ఒప్పుకున్నాను. నువ్వు వీడియో పంపకముందే తెలుసు." పృథ్వీ టోపీని రెండు చేతుల్లో నలిపాడు. తర్వాత మాటలన్నీ ఒక్కసారిగా వచ్చాయి. "ముఖర్జీ నగర్‌లో ఆ గదిలో రెండేళ్లు కూర్చున్నాను. నాకొస్తదో రాదో ఎవడూ చెప్పడు. మళ్లీ రాయి, మళ్లీ రాయి అంటారు. సరే అని ఇటొచ్చాను. ఇక్కడ నేను గెలిచినోళ్లంతా ఎవరు? పొట్టలేసుకుని వచ్చినోళ్లు. అలాంటోళ్లని పడగొడితే నేను బాక్సర్నయిపోతానా? రుస్లాన్‌తో ఆడితే తేలిపోద్ది. గెలిస్తే ఇందులో ఉంటాను. ఓడితే సంచీ సర్దుకుని వెళ్లిపోతాను. ఏదో ఒకటి తేలాలి పెద్దమ్మా. ఇలా మధ్యలో ఉండలేకపోతున్నాను."

సుభద్ర ఇలాంటి జవాబు అనుకోలేదు. మొండితనమో, పౌరుషమో, పేరు కోసం తాపత్రయమో అనుకుని వచ్చింది. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని ఆమె కూడా రింగు అంచు మీద అతని పక్కన ఎక్కి కూర్చుంది.

"మొన్న డేవిడ్ హే గెలవలేదా?" అన్నాడు పృథ్వీ. "వాల్యుయెవ్ ఏడడుగులు. హే అతని గడ్డం దాకా వస్తే ఎక్కువ. నువ్వే కదా ఆ పోటీ సబబే అని రాశావు?"

"రాశాను. హే చిన్నవాడన్నది ఎత్తులో, బరువులో. అతను అప్పటికే కింది బరువులో ప్రపంచ ఛాంపియన్. ఎదుటివాడి చేతికి అందకుండా తిరగడం వచ్చు. ఎప్పుడు కొట్టాలో తెలుసు. పైకి ఎలా కనబడినా అది సరైన జోడీయే. నీదీ రుస్లాన్‌దీ చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది. ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే బరువు. జనం చప్పట్లు కొడతారు కూడా. కానీ అది జోడీ కాదు."

పృథ్వీ టోపీ మళ్లీ తలకు పెట్టుకున్నాడు.

"ఈ పోటీలో నీకేమీ తేలదురా. వాడు నిన్ను పడగొడితే, పదేళ్లు ఆడినవాడు ఏడాది ఆడినవాణ్ణి పడగొట్టాడని తేలుతుంది. అది ఇప్పుడే నేను చెప్పగలను. నీ సంగతి నీకు తెలియాలంటే నీలాంటివాడే నీ ఎదురుగా ఉండాలి. నీ అంతే నేర్చుకున్నవాడు, నీ అంతే భయమున్నవాడు. అప్పుడు గెలిచినా నీదే, ఓడినా నీదే. ఇన్నేళ్లుగా ఆ ఇంటర్నెట్‌లో నేను గొంతు చించుకునేది దీని కోసమే."

"అలాంటోడు ఎక్కడ దొరుకుతాడు? ఎన్నాళ్లు చూడాలి?"

"తెలీదు. ఆర్నెల్లు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. అప్పటిదాకా నువ్వున్న ఊరి పేరు నీకు గుర్తుండాలి కదా."

ఆ మాటకు పృథ్వీ తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. సుభద్ర అతని వీపు మీద చెయ్యి వేసి, ఆ ఏడుపు సర్దుకునేదాకా తీయలేదు.

"అమ్మకి చెప్పీస్తావా?" అన్నాడు చివరికి.

"ముందు డాక్టరుకి చెబుదాం పద."

సాకేత్‌లోని ఆసుపత్రిలో తలకు స్కాన్ తీశారు. ఆ తర్వాత ఎదురుచూడడమే మిగిలింది. సుభద్ర వరదల గురించీ, రైలు ప్రమాదాల గురించీ గొంతు వణక్కుండా చదివే మనిషి. ఇప్పుడు ఎదురుగా గోడ మీదున్న బోర్డు చదవబోతే అక్షరాలు నిలవలేదు. దెబ్బ తగిలాక ఇంటికి వెళ్లి పడుకుని మళ్లీ లేవని బాక్సర్ల గురించి ఆమెకు చాలా తెలుసు. ఇంత తెలిసి ఉండడం ఎందుకా అనిపించింది. ఇషిత కాఫీ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, పక్కన ఆనుకుని కూర్చుంది.

డాక్టరమ్మ నెరిసిన జుట్టుతో, అమ్మమ్మలా ఉంది. ఫిల్మును వెలుగుకు పెట్టి చూపిస్తూ హిందీలో మొదలుపెట్టింది. "ఘబ్‌రానే కీ బాత్ నహీ హై." భయపడాల్సింది లేదు. లోపల ఎక్కడా రక్తం చేరలేదు. మెదడుకు గట్టి అదురు తగిలింది, దానికి విశ్రాంతే మందు. నెమ్మదిగా తగ్గిపోతుంది. అంతా చెప్పి, కళ్లజోడు తీసి పృథ్వీని చూసింది. తగ్గకముందే ఇంకో దెబ్బ పడి ఉంటే ఈ మాటలు ఇంత తేలిగ్గా చెప్పగలిగేదాన్ని కాదంది.

"మరి శనివారం..." అని నసిగాడు పృథ్వీ.

"కౌన్ సా శనివార్, బేటా?" అంది ఆమె. ఈ శనివారం కాదు, ఆ తర్వాతి శనివారాలూ కాదు, తను మళ్లీ చూసి సరేననేదాకా తల మీద దిండు తప్ప ఏదీ తగలకూడదు.

బయటికి వచ్చాక పృథ్వీ వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పెద్దగా ఊపిరి వదిలాడు. ఎన్నాళ్లనుంచో మోస్తున్న బస్తాను ఎవరో దించినట్టు అతని ఒళ్లంతా వదులైంది.

"పెద్దమ్మా, ఆకలేస్తోంది."

సుభద్ర నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాలుగు రోజులుగా వాడు సరిగా తినలేదని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది.

వెళ్లేముందు ఉమకు ఫోన్ చేసి మొదటి నుంచీ చెప్పింది. బాక్సింగ్ సంగతీ, దెబ్బ సంగతీ, స్కాన్ సంగతీ ఏదీ దాచలేదు. ముందు ఉమ ఏడ్చింది. ఆ తర్వాత కొడుకునూ అక్కనూ కలిపి తిట్టడం మొదలుపెట్టింది. చదువు మానేసినందుకు తిట్టింది, దాచినందుకు తిట్టింది, చివరికి తన ఫోన్ ఎత్తనందుకు కూడా తిట్టింది. చెల్లెలు తిడుతున్నకొద్దీ సుభద్ర మనసు తేలికపడింది. తిట్టే ఓపిక వచ్చిందంటే ఉమ కోలుకున్నట్టే.

ఆసుపత్రికి దగ్గర్లోనే ఒక దోసెల హోటలు ఉంది. పృథ్వీ మసాలా దోసె తిని, ఇంకొకటి తెప్పించుకున్నాడు. సగం తిన్నాక చెయ్యి ఆపి, బల్ల వైపు చూస్తూ అన్నాడు.

"నిజం చెప్పనా? డాక్టరమ్మ వద్దన్నాక నాకు ఎంత హాయిగా ఉందో తెలుసా. నేను భయపడిపోయాను పెద్దమ్మా. నువ్వు పంపిన వీడియోలో ఆ మనిషి ఎడమ చెయ్యి చూశాక నిద్దర పట్టలేదు. అయినా వద్దని నా నోటితో అనలేకపోయాను. ఇప్పుడందరూ పారిపోయాడు అంటారేమో."

"లెనాక్స్ లూయిస్, విటాలీ క్లిచ్‌కో పోటీ గుర్తుందా?"

"నాకప్పుడే ఇంటర్ అయింది. టీవీలో చూశాను."

"క్లిచ్‌కో గెలుస్తున్నాడు. ముగ్గురు జడ్జీల దగ్గరా అతనే ముందున్నాడు. ఆరు రౌండ్లయ్యాక కన్ను దగ్గర గాయం చూసి డాక్టరు ఆపేశాడు. ఆపొద్దని అతను బతిమాలాడు. హాలంతా గోల. ఓడిపోయినట్టే రాశారు. పారిపోయాడని ఎవడన్నా అన్నాడా? మరుసటి ఏడే ఛాంపియన్ అయ్యాడు. మధ్యలో మానేసి, తిరిగొచ్చి ఇవాళ్టికీ ఛాంపియనే. అప్పుడు ఆ డాక్టరుదే సరైన పని అని నేనంటే నా మీద ఎంతమంది లేచారో. నేను ఇప్పటికీ అదే అంటాను."

పృథ్వీ ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు. మళ్లీ తినడం మొదలుపెట్టాడు.

ఇక మిగిలింది సాయిప్రకాష్. సుభద్ర హోటలు బయటికి వచ్చి, గొడవకు సిద్ధపడే ఫోన్ చేసింది. డాక్టరు చెప్పిందంతా చెప్పింది. పృథ్వీ తప్పుకుంటున్నాడని చెప్పింది.

అవతల నుంచి ముందు ఒక నిట్టూర్పు వినిపించింది. "లోపలేమీ లేదన్నారు కదా? గట్టిగా చెప్పారా?"

"గట్టిగానే చెప్పారు."

"అమ్మయ్య." ఆయన గొంతు పూర్తిగా మారిపోయింది. "మీరు వెళ్లిన దగ్గర్నుంచీ ఈ ఫోన్ కోసమే చూస్తున్నానండీ. మీరన్న మాట నిజం. నేనే ఆపి ఉండాల్సింది. ఇప్పుడు టీవీ వాళ్లకి నేనే ఫోన్ చేసి చెబుతాను. కానీ ఏం చూపించను? హెవీవెయిట్ లేకుండా వాళ్లు రారే."

"వస్తారు. రుస్లాన్‌ని ఊరికే పంపకండి. అతని కోచ్‌తోనే రింగులో ప్రదర్శన ఇప్పించండి. ఎలా కొడతాడో, ఎలా తప్పించుకుంటాడో మైకులో వివరించి చెప్పించండి. హెవీవెయిట్‌ని జనం దగ్గర్నుంచి చూసినట్టూ ఉంటుంది, ఎవరికీ దెబ్బ తగలదు. ఇక అసలు పోటీ కింది బరువుల్లోంచి తీసుకోండి. మీ దగ్గర భివానీ కుర్రాళ్లు ఇద్దరున్నారు, అరవై కిలోల్లో. ఒకడు ఎడమచేతి వాటం. ఇద్దరూ ఒకరినొకరు ఒకసారి ఓడించుకున్నవాళ్లే. వాళ్లని వేరువేరు మనుషులతో పెట్టారెందుకు? ఒకరి మీద ఒకర్ని పెట్టండి. ఆఖరి గంట దాకా ఎవరూ కుర్చీల్లో కూర్చోరు."

అవతల కాగితాల చప్పుడు వినిపించింది. రాసుకుంటున్నాడేమో అనుకుంది సుభద్ర.

"ఒకటి అడుగుతాను, కాదనకండి," అన్నాడు చివరికి. "శనివారం జోడీలన్నీ మీరే కుదర్చండి. ఎవరికి ఎవరో మీరే చెప్పండి. నాకు ఫంక్షన్లు చెయ్యడం వచ్చు గాని ఇది రాదు. ఇవాళ తెలిసింది."

సుభద్ర నవ్వేద్దామనుకుంది, నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ ఎక్కడో ఎవరో చేసిన నిర్ణయాల మీద వాదించింది. తను వద్దంటే ఒక పోటీ ఆగుతుందనీ, సరేనంటే జరుగుతుందనీ ఎన్నడూ ఊహించలేదు.

"ఒక షరతు. నేను వద్దన్నది జరగకూడదు. టీవీ వాళ్లు అడిగినా, ఆడేవాళ్లు అడిగినా, మీరు అడిగినా."

"ఒప్పుకున్నాను."

ఆమె కారు దగ్గరికి వచ్చేసరికి పృథ్వీ వెనక సీటులో అడ్డంగా ఒరిగి నిద్రపోతున్నాడు. పొద్దు వాలుతోంది. ఎదుటి మాల్ ముందు దీపాలు వెలుగుతున్నాయి. సుభద్ర ముందు సీటులో కూర్చుని చెప్పులు విడిచి కాళ్లు చాపుకుంది. రోజంతా ఇంత సుఖంగా కూర్చోలేదు. సాయిప్రకాష్ అడిగిందీ తను ఒప్పుకుందీ కూతురికి చెప్పింది. చెబుతుంటే ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ధ్వనించింది.

ఇషిత తాళం పెట్టింది గాని కారు స్టార్ట్ చెయ్యలేదు. చేతులు స్టీరింగ్ మీదే ఉంచింది.

"తో అబ్ సబ్ తుమ్ డిసైడ్ కరోగీ?" ఇక అన్నీ నువ్వే నిర్ణయిస్తావా అని అడిగింది.

"అన్నీ నేనే. ఏం?"

ఇషిత వెనక్కి తిరిగి పృథ్వీని ఒకసారి చూసింది. అతను కదలలేదు. అప్పుడు, ఎన్నడూ లేనిది, తెలుగులో మాట్లాడింది. ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, తప్పు పోకుండా.

"శనివారం అమ్మాయిల పోటీ ఒకటి ఉంది అమ్మా. పేర్లు ఇంకా బయటికి చెప్పలేదు. అందులో ఒక అమ్మాయిని నేనే."

సుభద్ర చాపిన కాళ్లు వెనక్కి తీసుకుని ఆమె వైపు తిరిగింది. ఎన్నాళ్లనుంచి, ఎవరు నేర్పారు, నాన్నకు తెలుసా అని అడగాలి. అవన్నీ గొంతు దాకా వచ్చాయి. కానీ ఆమె నోటి నుంచి మొదట వచ్చిన మాట వేరు.

"ఎవరితో?"

"రోహ్‌తక్ నుంచి బిమ్లా."

ఆ పేరు సుభద్రకు తెలుసు. ఆ ఏడాది వేసవిలో ఆ పిల్ల ఎదుటి అమ్మాయిని మొదటి రౌండులోనే పడగొట్టిన పోటీ గురించి, అది జోడీ కాదని ఆమె రాసింది కూడా. సుభద్ర చెయ్యి చాచి కారు తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుంది.